శ్రుతి ఎవరి సొత్తు? టోనీ కాన్రాడ్ వయోలిన్ వేసిన ప్రశ్న

కర్ణాటక కచేరీలో తంబూరాకు ఎవరూ చప్పట్లు కొట్టరు. గాయకుడు గొంతు విప్పకముందే అది మొదలవుతుంది, మంగళం ముగిశాక కూడా ఒక్క క్షణం మోగి ఆగుతుంది. వెనక కూర్చుని మీటుతున్న శిష్యురాలి పేరు చాలాసార్లు ఆహ్వానపత్రంలో కూడా ఉండదు. రాగం ఎంత దూరం పోయినా తిరిగి వాలేది ఆ నాదం మీదే. అయినా వినేవారి ధ్యాస దాని మీద నిలవదు. శ్రుతి బాగా కలిస్తే అది ఉన్నట్టే తెలియకూడదని పెద్దలు చెబుతారు. మరి రాగం తీసేసి, తాళం తీసేసి, సాహిత్యం తీసేసి, మిగిలిన ఆ నాదాన్నే గంటసేపు చెవులు గింగురుమనేంత బిగ్గరగా వినిపిస్తే ఏమవుతుంది? 1960ల మొదట్లో న్యూయార్క్‌లో ఒక చిన్న బృందం చేసింది ఇంచుమించు ఇదే. ఆ బృందంలో వయోలిన్ పట్టిన వ్యక్తి టోనీ కాన్రాడ్.

కాన్రాడ్ 1940 మార్చి 7న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం కాంకర్డ్‌లో పుట్టారు. 2016 ఏప్రిల్ 9న, 76 ఏళ్ల వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం దగ్గర కన్నుమూశారు. ఆయన చేసిన పనులను వరుసగా రాస్తే ఒకే మనిషి జీవితంలా కనిపించదు. గణితం చదివారు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాశారు, వయోలిన్ వాయించారు, నలుపు తెలుపు చట్రాలు తప్ప మరేమీ లేని సినిమా తీశారు, కాగితాలకు గోడ రంగు పూసి వాటిని సినిమాలన్నారు, దాదాపు నలభై ఏళ్లు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, స్థానిక టీవీ ఛానల్లో పిల్లల హోంవర్కు సందేహాలు తీర్చారు. అన్నింటి అడుగునా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ఒక నాదం పుట్టినప్పుడు దాని మీద అధికారం ఎవరిది? రాసినవాడిదా, వాయించినవాడిదా, విన్నవాడిదా? ఈ ప్రశ్నను పట్టుకుంటేనే ఆయన జీవితం చేతికి చిక్కుతుంది.

బాల్యంలో వయోలిన్ నేర్చుకుంటున్నప్పుడే ఆయనకు కంపిత స్వరం, అంటే పాశ్చాత్య వయోలిన్‌లో స్వరాన్ని వేలితో ఊపే పద్ధతి, నచ్చలేదు. ఆ ఊపు కింద శ్రుతి సరిగ్గా ఉందో లేదో తెలియకుండా పోతుంది. రెండు తీగలను కలిపి, నెమ్మదిగా, ఒక్కో జంటనూ పూర్తిగా శ్రుతి కలిసేదాకా వాయించడమే ఆయనకు ఇష్టమైన సాధన. తర్వాత హైన్రిక్ బీబర్ వయోలిన్ సొనాటాలు విన్నారు. పదిహేడో శతాబ్దపు ఈ స్వరకర్త రోజరీ సొనాటాలలో దాదాపు ప్రతి రచనకూ తీగల శ్రుతి మార్చమంటాడు. అలా మార్చినప్పుడల్లా అదే చెక్క పెట్టె వేరే వాద్యంలా పలుకుతుంది. పాశ్చాత్య సంగీతంలో ఇది అరుదైన సంగతి. తెలుగు శ్రోతకు ఇందులో వింత కనిపించకపోవచ్చు, ఎందుకంటే మన దగ్గరికి వచ్చిన వయోలిన్ ఆ దారినే మనదైంది. రెండు శతాబ్దాల కిందట బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారని చెప్పుకుంటాం. యూరప్ వరుసను వదిలి దాని తీగలను షడ్జమ పంచమాలకు కలుపుకున్నాం, నిలబడి వాయించేదాన్ని నేల మీద కూర్చుని కాలి చీలమండ మీద ఆనించుకున్నాం. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు పొడవైన కమానుతో తీసిన నాదం విన్నవారికి, ఒక్క స్వరాన్ని సాగదీసి దాని లోపలికి వెళ్లడం అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. కాన్రాడ్ చేరింది అలాంటి చోటికే, కానీ ఆయన వెనక సంప్రదాయమేమీ లేదు. గణితం ఉంది.

హార్వర్డ్‌లో ఆయన 1962లో గణిత పట్టా తీసుకున్నారు. అక్కడే హెన్రీ ఫ్లింట్ పరిచయమయ్యారు. ఫ్లింట్ కూడా వయోలిన్ వాయించేవారు, పెద్ద కళల ఆధిపత్యాన్ని కోపంతో ప్రశ్నించేవారు. 1963 ఫిబ్రవరిలో ఫ్లింట్, కాన్రాడ్, సినిమా దర్శకుడు జాక్ స్మిత్ ముగ్గురూ న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ముందు, లింకన్ సెంటర్ ముందు అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. ‘గంభీర సంస్కృతి’ని కూల్చాలన్నది వారి నినాదం. ఇరవై రెండేళ్ల వయసులో అలా నినాదపు అట్ట పట్టిన మనిషి, యాభై ఏళ్ల వయసులో మళ్లీ ఒకసారి పట్టవలసి వచ్చింది. ఆ సంగతి ముందుకు వస్తుంది.

న్యూయార్క్‌లో ఆయన చేరింది అమెరికా స్వరకర్త లా మాంట్ యంగ్ బృందంలో. యంగ్ 1958లోనే తీగ వాద్యాల త్రయానికి ఒక రచన చేశారు. అందులో స్వరాలు కదలవు, పరుచుకుని ఉంటాయి. 1955లో అమెరికాలో విడుదలైన అలీ అక్బర్ ఖాన్ సరోద్ రికార్డు ఆయనను కదిలించింది. ముఖ్యంగా దానిలోని తంబూరా. ఆ రికార్డు నుంచి ఈ బృందం దాకా నడిచిన దారి నిజంగానే భారతదేశం మీదుగా వెళ్లింది. యంగ్ మొదట సాక్సఫోన్, తర్వాత గాత్రం. మేరియన్ జజీలా గాత్రం. ఆంగస్ మక్లైస్ చేతి డ్రమ్ములు. వేల్స్ నుంచి వచ్చిన జాన్ కేల్ వయోలా. కాన్రాడ్ వయోలిన్. 1964లో మక్లైస్ వెళ్లిపోయాక లయ కూడా పోయింది. శ్రుతి ఒక్కటే మిగిలింది.

కాన్రాడ్ బృందానికి తెచ్చిన ముఖ్యమైన వస్తువు వయోలిన్ కాదు, భిన్నాలు. ఆ లెక్క కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే సంగీతమంతా అందులోనే ఉంది. షడ్జమం, అంటే ‘స’, సెకనుకు 240 కంపనాల దగ్గర ఉందనుకుందాం. దానికి ఒకటిన్నర రెట్లయిన 360 పంచమం, ‘ప’. ఒకటింపావు రెట్లయిన, అంటే నాలుగింట అయిదు రెట్లయిన 300 అంతర గాంధారం, ‘గ’. మంద్ర (కింది స్థాయి) షడ్జమపు తీగ బాగా జీవం పోసుకున్నప్పుడు ఎవరూ మీటని గాంధారం అందులోంచి లేస్తుంది. మన శాస్త్రకారులు దాన్ని స్వయంభూ స్వరమన్నారు. చిన్న పూర్ణాంకాల నిష్పత్తుల్లో నిలిచే ఈ స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. పియానోది వేరే పద్ధతి. అది స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది కాబట్టి అక్కడ గాంధారం 300 దగ్గర ఉండదు, 302.4 దగ్గర ఉంటుంది. రెండింటినీ కలిపి మోగిస్తే సెకనుకు రెండు మూడు సార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. పియానోలాగే శ్రుతి చేసిన హార్మోనియం పక్కన పాడే మంచి గాయకుడికి కలిగే చిరాకుకు మూలం ఇదే.

కాన్రాడ్ బృందం అక్కడితో ఆగలేదు. గాంధారాన్ని ఇచ్చే అయిదో అంకెను దాదాపు పక్కనపెట్టి ఏడో అంకెను పట్టుకుంది. షడ్జమానికి నాలుగింట ఏడు రెట్లు, అంటే 420. మన కైశికి నిషాదం (‘ని’లో ఒక రకం) ఆ చుట్టుపక్కలే ఉంటుంది కానీ దానికంటే పైన ఉంటుంది. పియానో మీద దానికి దగ్గరి మెట్టు కూడా దాదాపు మూడో వంతు అర్ధస్వరం ఎక్కువే. అంటే ఆ స్వరం పియానో మీద లేదు, మన మేళకర్త రాగాల పట్టికలోనూ పేరు పెట్టి పిలిచే చోట లేదు. తీగ లోపల మాత్రం మొదటి నుంచీ ఉంది. దాన్ని కమానుతో పట్టి నిమిషాల తరబడి కదలకుండా నిలబెట్టడానికి చెవి, చేయి రెండూ అసాధారణంగా నిలకడగా ఉండాలి. కమాను మీద ఒత్తిడి కాస్త మారినా, వేలు వెంట్రుకవాసి జరిగినా ఆ స్వరం విరిగిపోతుంది. ఒకే స్వరం వాయించడానికి నైపుణ్యం దేనికని అడిగేవారు ఒకసారి ఏ వయోలిన్ మీదనైనా ఆ పని చేసి చూడాలి.

అలా నిలబెట్టినప్పుడు మరో సంగతి జరుగుతుంది. 360, 240 రెండింటినీ గట్టిగా కలిపి మోగిస్తే, వాటి తేడా అయిన 120 కూడా వినిపిస్తుంది. అది మంద్ర షడ్జమం. దాన్ని ఎవరూ వాయించలేదు. ఇటలీ వయోలిన్ విద్వాంసుడు తార్తీని 1714లోనే రెండు తీగలు కలిపి వాయిస్తూ ఈ మూడో నాదాన్ని గమనించాడు. తార్తీనికి అది శ్రుతి సరిచూసుకునే గుర్తు. కాన్రాడ్‌కు అదే సంగీతం. బిగ్గరగా, ఆంప్లిఫయర్లతో, గంటల తరబడి వాయిస్తే ఇలాంటి నీడ నాదాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. శ్రోత తల కొంచెం తిప్పితే వినిపించేది మారుతుంది. గదిలో రెండడుగులు జరిగితే ఇంకోలా వినిపిస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే సంగీతం వినరు. వాయించేవారు స్వరాన్ని అందిస్తారు, సంగీతం మాత్రం వినేవారి చెవిలో తయారవుతుంది. కాన్రాడ్ తర్వాత చేసిన పనులన్నింటికీ, పడిన గొడవలన్నింటికీ విత్తనం ఈ అనుభవంలో ఉంది.

ఆ బృందం ఆధార శ్రుతిగా తీసుకున్నది కూడా చెప్పుకోదగ్గది. యంగ్ పెంచిన తాబేలు తొట్టికి అమర్చిన మోటారు చేసే హోరు. అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృతాలతో నడుస్తుంది కాబట్టి, ఫ్రిజ్జులు, ట్యూబులైట్లు, ఆంప్లిఫయర్లు అన్నీ ఆ 60 అంకె చుట్టూనే గుయ్యిమంటాయి. దానితో పోరాడే బదులు దానికే శ్రుతి కలిపారు. నగరమంతా ముందే ఒక తంబూరా మోగిస్తోందని గుర్తించడం అది. మన ఇళ్లలో ఆ అంకె 50. రాత్రి వేళ ఫ్రిజ్జు పక్కన నిలబడి దానికి పంచమం కూనిరాగం తీసి చూస్తే, వాళ్లకు తట్టింది ఏమిటో అర నిమిషంలో అర్థమవుతుంది.

ఈ దశలోనే కాన్రాడ్ రాక్ సంగీత చరిత్రను కూడా తాకి వెళ్లారు. ఆయనా కేలూ న్యూయార్క్ లడ్లో వీధిలో 56వ నంబరు ఇంట్లో ఉండేవారు. 1964లో పిక్‌విక్ రికార్డుల సంస్థలో పాటలు రాస్తున్న లూ రీడ్ వెంట వాయించడానికి ఇద్దరూ వెళ్లారు. రీడ్ తన గిటారు తీగలన్నీ ఒకే స్వరానికి కలిపాడని చూసి ఆశ్చర్యపోయారు. తాము మేడ మీద చేస్తున్నదే ఈయన నాట్య పాటకు చేశాడు. ఆ పరిచయం నుంచి కేల్, రీడ్ కొత్త బృందం కట్టారు. దానికి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అన్న పేరు కాన్రాడ్‌కు దొరికిన ఒక చవక పుస్తకం అట్ట మీది నుంచి వచ్చింది. కాన్రాడ్ ఆ బృందంలో చేరలేదు. ఆయన గురించి రాసిన ప్రతిచోటా ఈ కథ ముందుకు రావడం ఆయనకు జరిగిన చిన్న అన్యాయమే. అది ఆయన జీవితంలో ఒక మలుపు పక్కన ఉన్న దుకాణం లాంటిది, ఆయన ఇల్లు కాదు.

ఆయన వెళ్లింది సినిమా వైపు. 1963లో జాక్ స్మిత్ తీసిన ‘ఫ్లేమింగ్ క్రీచర్స్’కు శబ్దం కూర్చింది కాన్రాడే. 1966లో ఆయన సొంతంగా ‘ది ఫ్లికర్’ చేశారు. నిడివి అరగంట. మొదట వచ్చే హెచ్చరిక, పేరు వంటివి తీసేస్తే అందులో ఉన్నవి రెండే: పూర్తిగా తెల్లని చట్రం, పూర్తిగా నల్లని చట్రం. సినిమా సెకనుకు 24 చట్రాలు నడుస్తుంది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పెడితే సెకనుకు 12 మెరుపులు. నల్ల చట్రాలు పెంచితే మెరుపులు నెమ్మదిస్తాయి. ఈ వేగాల మధ్య నిష్పత్తులతో ఆయన వెలుగుకు శ్రుతి కట్టడానికి పూనుకున్నారు. చూసేవారికి తెర మీద లేని రంగులు, చక్రాలు, గడులు కనిపిస్తాయి. మూర్ఛ ఉన్నవారికి ప్రమాదమని సినిమా ముందే హెచ్చరిస్తుంది. అది నిజమైన హెచ్చరికే, ప్రచారం కోసం పెట్టింది కాదు. తార్తీని మూడో నాదం చెవిలో పుట్టినట్టే, ఫ్లికర్‌లోని రంగులు కంటి వెనక పుడతాయి. సినిమా అనగానే కథ, నటుడు, పాట వెతికే మనకు ఇది సినిమాయేనా అన్న అనుమానం రావడం సహజం. కానీ వయోలిన్‌తో ఆయన చేస్తున్నది అర్థమైనవారికి ఇది అదే కచేరీ అని తెలిసిపోతుంది. ఆయన తండ్రి ఆర్థర్ కాన్రాడ్ చిత్రకారుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం, శత్రువు కన్ను మోసపోయేలా ఓడల మీద వేసే చారల రూపకల్పనలో పనిచేశారు. కంటిని నమ్మకూడదన్న పాఠం ఆ ఇంట్లో ముందు నుంచీ ఉంది.

1972 శరదృతువులో ఆయన జర్మనీ వెళ్లారు. వ్యూమ్మె అనే ఊళ్లో పాత బడి భవనంలో ఫౌస్ట్ అనే రాక్ బృందం మకాం పెట్టి ఉండేది. వారితో కలిసి కాన్రాడ్ చేసిన రికార్డు 1973లో ‘అవుట్‌సైడ్ ద డ్రీమ్ సిండికేట్’ పేరుతో వచ్చింది. రెండు వైపులా చెరొక రచన, ఒక్కోటి దాదాపు అరగంట. డ్రమ్ము ఒకే దెబ్బ కొట్టాలి, బాస్ గిటారు ఒకే స్వరం వాయించాలి, ఏదీ మారకూడదు. దానిమీద కాన్రాడ్ వయోలిన్. మొదటి అయిదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. పదో నిమిషానికి డ్రమ్ము దెబ్బలోనే ఎన్నో రకాలు వినపడడం మొదలవుతుంది. ఇరవయ్యో నిమిషంలో వయోలిన్ తంబూరాలా తోస్తుంది, డ్రమ్ము గుండె చప్పుడులా తోస్తుంది. ఆ కాలపు సంగీతంలో ఇంత తక్కువతో ఇంత చేసిన రికార్డులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. కొత్త రికార్డుగా అంగడిలోకి రావడానికి కాన్రాడ్‌కు మళ్లీ ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లనూ మౌనం అనుకోకూడదు. 1970ల మొదట్లో ఆయన సినిమా ముడిరీలును కూరగాయలతో వండారు, నూనెలో వేయించారు, జాడీల్లో ఊరబెట్టారు. రీలునే తీగలా బిగించి కమానుతో రాశారు. 1973లో ‘ఎల్లో మూవీస్’ చూపించారు. పెద్ద కాగితాల మీద నల్ల అంచు గీసి, లోపల తెర ఆకారంలో చవక రకం తెల్ల గోడ రంగు పూశారు. ఆ రంగు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ఆ మార్పే సినిమా. నిడివి కొన్ని దశాబ్దాలు. ఒక్క స్వరాన్ని అరగంట నిలిపిన మనిషి తన పద్ధతిని చివరి అంచుదాకా తీసుకెళితే వచ్చేది ఇదే. చూసేవాడి ఆయుష్షు కంటే పొడవైన కచేరీ.

1976 నుంచి ఆయన బఫెలో విశ్వవిద్యాలయంలో మీడియా అధ్యయన విభాగంలో పాఠాలు చెప్పారు, చివరిదాకా ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నారు. 1990ల మొదట్లో అక్కడి ప్రజా టీవీ ఛానల్ కోసం నగర పాలక భవనం మెట్ల ముందు కెమెరా పెట్టి, దారిన పోయేవారితో మాట్లాడిస్తూ కార్యక్రమాలు చేశారు. బడి పిల్లలు ఫోను చేసి లెక్కల సందేహాలు అడిగే ప్రత్యక్ష ప్రసారమూ చేశారు. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో ఈ పనికి రెండు వాక్యాలు కూడా దక్కవు. ఇది ఆయన సంగీతానికి దూరపు పని కాదు. మాట్లాడే అధికారాన్ని వేదిక మీదివారి చేతుల్లోంచి తీసి మెట్ల మీదివారికి ఇవ్వడం, లడ్లో వీధి రోజుల నుంచీ ఆయన కోరుకుంటున్నదే.

ఇప్పుడు ఆ రెండో నినాదపు అట్ట దగ్గరికి రావాలి. 1960ల మధ్య ఆ బృందం దాదాపు ప్రతిరోజూ వాయించింది, రికార్డు చేసుకుంది. ఆ టేపులన్నీ యంగ్ దగ్గర ఉండిపోయాయి. అవి తన రచనలని, మిగతావారు తాను నిర్ణయించిన స్వరాలు వాయించిన కళాకారులని యంగ్ వాదన. కలిసి కూర్చుని, కలిసి చర్చించి, కలిసి కనిపెట్టిన సంగీతానికి స్వరకర్త ఎవరూ లేరని, స్వరకర్త అనే పదవిని రద్దు చేయడమే ఆ పని ఉద్దేశమని కాన్రాడ్, కేల్ వాదన. పేరు దగ్గరే విభేదం కనిపిస్తుంది. యంగ్ దాన్ని ‘థియేటర్ ఆఫ్ ఎటర్నల్ మ్యూజిక్’ అన్నారు, మిగతా ఇద్దరూ ‘డ్రీమ్ సిండికేట్’ అన్నారు. మొదటి పేరులో శాశ్వతత్వం ఉంది, రెండో పేరులో నలుగురి భాగస్వామ్యం ఉంది. టేపులు బయటికి రావాలంటే రచన తనదేనని సంతకం చేయాలని యంగ్ షరతు పెట్టారు. వారిద్దరూ చేయలేదు. 1990లో యంగ్ బఫెలోకు కచేరీకి వచ్చినప్పుడు, అదే ఊళ్లో ఆచార్యుడిగా ఉన్న కాన్రాడ్ హాలు బయట నినాదపు అట్ట పట్టుకుని నిలబడ్డారు.

యంగ్ వైపు న్యాయం బొత్తిగా లేదనలేం. 1958 నాటి త్రయం ఆయనది, పొడవైన స్వరాల ఆలోచన ఆయనది, బృందాన్ని ఏళ్ల తరబడి నడిపిన క్రమశిక్షణ ఆయనది. కానీ ఏ స్వరం ఏ నిష్పత్తిలో ఉండాలన్న లెక్కకు కాన్రాడ్ గణితం కావాల్సి వచ్చింది. వయోలా బ్రిడ్జిని చదును చేసి, గిటారు తీగలు ఎక్కించి, మూడు తీగలను ఒకేసారి రాసేలా మార్చింది కేల్. రోజూ గంటలకొద్దీ కలిసి వాయించగా తేలిన సంగీతంలో ఒకరి వాటా గీత గీసి చూపించడం కుదరదు. మన దగ్గర కీర్తనకు కర్త ఉంటాడు, సంతకం లాంటి ముద్ర ఉంటుంది. రాగాలాపనకు ముద్ర ఉండదు, అది పాడినవారిదే. తంబూరా నాదానికైతే కర్త ఎవరని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. యంగ్ శ్రుతిని కీర్తనలా చూశారు, కాన్రాడ్ శ్రుతిని శ్రుతిలాగే చూశారు. ఈ వ్యాసం మొగ్గు కాన్రాడ్ వైపే.

ఆ తర్వాత ఇద్దరి దారులూ ఎలా విడిపోయాయో భారతీయ పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించాలి. యంగ్, జజీలా 1970 నుంచి హిందుస్తానీ సంగీతంలోని కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యులయ్యారు. శ్రుతితో పాటు గురుభక్తి, పరంపర, నాదానికి దైవత్వం అన్నింటినీ స్వీకరించారు. కాన్రాడ్‌కు శ్రుతి కావాలి, పీఠం వద్దు. 1995లో ఆయన చేసిన ‘స్లాపింగ్ పైథాగరస్’ రికార్డు పేరు పైథాగరస్‌ను చెంపదెబ్బ కొడుతుంది. సంగీత నిష్పత్తులకు ఆద్యుడిగా చెప్పుకునే పైథాగరస్ మీద, ఆ నిష్పత్తులతోనే బతికిన మనిషికి అంత కోపం ఎందుకు? పైథాగరస్ శిష్యబృందం అంకెల్లో విశ్వ రహస్యం ఉందని నమ్మింది, దాన్ని గోప్యంగా దాచుకుంది, క్రోటన్ నగరంలో కొద్దిమంది పెద్దల పాలనకు అండగా నిలిచింది. చివరకు ప్రజలు తిరగబడ్డారని, చిక్కుడు చేలో అడుగుపెట్టడం ఇష్టం లేక పైథాగరస్ పట్టుబడి చచ్చాడని పాత కథ. కాన్రాడ్ తన రచన పేరులోనే ఆ చిక్కుడు చేనును, తిరగబడ్డ జనాన్ని పెట్టారు. మూడుకు రెండు అనే నిష్పత్తిని ఆయన చెవికి పనికొచ్చే సాధనంగానే చూశారు. అది లోక ధర్మమని ఎవరైనా అంటే, ఆ ధర్మానికి అర్చకుడిగా ఎవరు కూర్చుంటారని అడిగారు. నాదబ్రహ్మం అన్న మాటతో పెరిగిన మనకు ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది. త్యాగరాజు నాదోపాసనకు ఎదురుగా నిలబెట్టి దీన్ని కొట్టిపారేయడం తేలిక. కానీ ఎవరు పాడవచ్చు, ఎవరు ఏ వేదిక ఎక్కవచ్చు అన్న తగువులు మన సంగీతంలోనూ చాలాకాలం నడిచాయి కాబట్టి, ప్రశ్న మనకు పరాయిది కాదు.

1993లో టేబుల్ ఆఫ్ ద ఎలిమెంట్స్ అనే చిన్న రికార్డుల సంస్థ ఫౌస్ట్‌తో చేసిన పాత రికార్డును మళ్లీ తెచ్చింది. అప్పటికి రాక్ వినే కొత్త తరం ఒకటి ఆ నాదానికి చెవులు సిద్ధం చేసుకుని ఉంది. కాన్రాడ్ మళ్లీ వేదికెక్కారు. తెల్లని దుప్పటి వెనక నిలబడి, వెనక నుంచి దీపం వేయించి వాయించేవారు. శ్రోతలకు కనిపించేది దుప్పటి మీద భూతంలా ఊగే కమాను నీడ మాత్రమే. తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఆ దృశ్యం వెంటనే అందుతుంది.

టేపులు రాకపోతే పోనీ అని ఆయన చేసిన పని మరింత సాహసం. 1997లో ‘ఎర్లీ మినిమలిజం’ పేరుతో నాలుగు సీడీల పెట్టె విడుదల చేశారు. అందులో 1964 డిసెంబరులో రికార్డు చేసిన ‘ఫోర్ వయోలిన్స్’ ఒకటే నిజంగా పాతది. మిగతావి ‘ఏప్రిల్ 1965’, ‘మే 1965’, ‘జూన్ 1965’ అనే పేర్లతో 1990లలో కొత్తగా వాయించినవి. తాళం వేసి ఉన్న గదిలోని సంగీతాన్ని జ్ఞాపకంతోనూ లెక్కతోనూ మళ్లీ పుట్టించారు. కొందరు దీన్ని చరిత్రను తిరగరాయడమన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత, వేరే పరికరాలతో, వేరే మనుషులతో వాయించినది 1965 కాలేదు. కానీ తన గతం మీద తనకు హక్కు లేకుండా చేసినప్పుడు, దాన్ని నకలు తీయకుండా మళ్లీ సాధన చేసి రాబట్టడం కంటే నిజాయితీ ఉన్న దారి ఏముంటుంది? ఆ రచనల్లోని వయోలిన్లు 1973 రికార్డు కంటే గరుకుగా, బరువుగా ఉంటాయి. అందులో వయసు వినిపిస్తుంది, కోపం వినిపిస్తుంది.

2000లో అసలు టేపుల్లో ఒకదాని నకలు టేబుల్ ఆఫ్ ద ఎలిమెంట్స్ సంస్థ నుంచే బయటికి వచ్చింది. ‘డే ఆఫ్ నయాగరా’ అన్న పేరుతో, 1965 ఏప్రిల్ 25 నాటి అరగంట రికార్డింగు. యంగ్ దాన్ని గట్టిగా ఖండించారు. శబ్దం నాణ్యత నిజంగానే బాగుండదు. గాత్రాలు తీగల హోరు కింద మునిగిపోయి ఉంటాయి. మొదటిసారి వింటే విమానం ఇంజను పక్కన నిలబడినట్టుంటుంది. కాసేపు ఓర్చుకుంటే ఆ హోరులోంచి పైస్థాయి స్వరాలు ఒక్కొక్కటిగా తేలి మెరిసి మాయమవుతాయి, ఎవరూ వాయించని మంద్ర స్వరం ఒకటి కింద కదులుతుంది. మధ్యలో ఒక తీగ మీద కమాను గట్టిగా ఒరుసుకుని, నాదం అంచు ఒకసారి చిట్లుతుంది. ఆ ఒరిపిడి కాన్రాడ్ వయోలిన్‌దో కేల్ వయోలాదో ఎంతసేపు విన్నా తేల్చి చెప్పలేం.